దానియేలు అడిగిన దారి

కొత్తగా పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు తణుకులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు బదిలీల గురించి మాట్లాడుకున్నాక, ఎవరో ఒకరు అసలు సంగతి బయటపెడతారు. "సమాచార హక్కు అర్జీ వచ్చిందండి మేడం. ఏం రాసిస్తే ఏం మీదికొస్తుందోనని భయంగా ఉంది."

వాళ్లకి నేను చట్టం చెప్పను. అది పరీక్షకి చదువుకునే వచ్చారు. దానియేలు సంగతి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేస్తున్నానని అనిపించి, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఊరు

నరసాపురం అవతల, ఉప్పుగాలి తగిలే ఊరు. నేను కార్యదర్శిగా వెళ్లేనాటికే వరి చేలు పోయి రొయ్యల చెరువులు వచ్చేశాయి. సర్పంచి ఒకావిడ. ఆవిణ్ణి నేను ప్రమాణ స్వీకారం రోజున, మళ్లీ ఆగస్టు పదిహేనుకీ చూశాను. కుర్చీలో కూర్చునేది ఆవిడ భర్త రాంబాబు గారు. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి వచ్చి కూర్చునేవారు. పేపరు చదివేవారు, టీ తెప్పించేవారు, నాకూ పోయించేవారు. మాట మెత్తన. ఊళ్లో సగం చెరువులు ఆయనవీ ఆయన బావమరుదులవీ.

ఊరి చివర క్రైస్తవుల పేట. ఆ పేట వాళ్ల సమాధుల దొడ్డి మురుగు కాలువకి అవతల ఉంది. పేటలోంచి ఒక మట్టిదారి బయలుదేరి, కాలువ మీద చిన్న వంతెన దాటి, దొడ్డి దాకా వెళ్లేది. ఆ దారికి రెండు పక్కలా రాంబాబు గారు చెరువులు తవ్వించారు. ముందు దారి సన్నబడింది. తర్వాత చెరువు గట్టులో కలిసిపోయింది. ఆ తర్వాత వంతెన దగ్గర ఇనప గేటు వచ్చింది, గేటుకి తాళం, తాళం దగ్గర కాపలా మనుషులు.

నేను చేరకముందు ఒక వానాకాలంలో పేటలో ఒక ముసలావిడ చనిపోతే, తాళం తీయించడానికి ఫోన్లు చేసి, బతిమాలి, శవపెట్టెని వానలో గేటు ముందు దింపుకుని ఎదురు చూశారట. ఆ పెట్టె మోసినవాళ్లలో దానియేలు ఒకడు.

దానియేలు చెరువుల్లో రొయ్యలు పట్టడానికి, అంటే పట్టుబడికి, వెళ్లే కూలీ. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. పదో తరగతి దాకా చదివాడు. అతని భార్య సువార్తమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. ఇద్దరూ తగాదా మనుషులు కారు. ఆ మాట నేను కోర్టులో కూడా చెప్పాను.

కవరు ఎవరి చేతికి వచ్చింది

దానియేలు అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. ఆఫీసుకి వచ్చి ఇస్తే పదిమంది చూస్తారని అనుకున్నాడు. పోస్టుమాన్ ఆ కవరు తెచ్చే వేళకి నేను పక్క ఊళ్లో పన్ను వసూలుకి వెళ్లాను. రాంబాబు గారు సంతకం పెట్టి తీసుకున్నారు. మర్నాడు నేను వచ్చేసరికి విప్పిన కవరు నా బల్ల మీద ఉంది.

"ఏంటండి మేడం, మన దానియేలు పెద్ద లాయరైపోయాడు" అన్నారు నవ్వుతూ.

"కార్యదర్శి పేర వచ్చిన కవరండి ఇది" అన్నాను.

"పంచాయతీకి వచ్చిందే కదండీ. పంచాయతీ అంటే మనమే కదా" అన్నారు. టీ తెమ్మని ఎవరికో కేక వేశారు.

అర్జీలో మూడు సంగతులు అడిగాడు. సమాధుల దొడ్డి దారి పంచాయతీ రోడ్ల రిజిస్టరులో ఉందా, ఉంటే నకలు ఇవ్వండి. ఆ దారిని ఎవరికైనా ఇస్తూ పంచాయతీ తీర్మానం చేసిందా, చేస్తే నకలు ఇవ్వండి. ఊరి పటంలో ఆ దారి ఎక్కడుందో చూపించే నకలు ఇవ్వండి. చక్కటి అర్జీ. చదువుకున్నవాళ్లు చాలామంది నాలుగు పేజీల నిండా కోపం రాసి, చివరికి ఏ కాగితం కావాలో రాయడం మరిచిపోతారు.

ఊళ్లో ఎవరికీ తెలియని రహస్యమేమీ అందులో లేదు. ఆ దారి ఉందని రాంబాబు గారికీ తెలుసు, చిన్నపిల్లలకీ తెలుసు. ఉందని సంతకం, సీలు వేసిన ముక్క ఒకటి పేట చేతిలోకి వస్తుందనేదే ఆయన బాధ.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. అర్జీలో ఉన్న ప్రశ్న కన్నా అర్జీదారు పేరు బయటికి పొక్కకుండా జాగ్రత్తగా చూసుకోండి. మీ పేర వచ్చిన కవరు మీరే విప్పండి, మీరు లేనప్పుడు ఎవరు తీసుకోవాలో రాతపూర్వకంగా పోస్టాఫీసుకి ఇవ్వండి. అర్జీ పెట్టేవాళ్లకి చెప్పేది వేరు. భయమున్నచోట ఇంటి చిరునామా ఇవ్వక్కర్లేదు, జవాబు మీకు చేరడానికి ఏదో ఒక చిరునామా ఉంటే చాలు. చట్టం అంతకన్నా అడగదు. దానియేలుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అతను ఇంటి నంబరుతో సహా రాశాడు.

ఎందుకు అని అడగడం

ఊరి పటం రెవెన్యూ వాళ్ల దగ్గరుంటుంది కాబట్టి, ఆ ప్రశ్న వరకు అర్జీని తహసీల్దారు ఆఫీసుకి బదిలీ చేసి దానియేలుకి తెలియజేశాను. మిగతా రెండూ నా బీరువాలోవే. అవి తీస్తుండగానే మండలం నుంచి ఎంపీడీవో గారు ఫోను చేశారు.

"అమ్మా, ఆ దారి అర్జీ... ఎందుకడుగుతున్నాడో కనుక్కున్నారా?"

"ఎందుకని అడగకూడదండి. చట్టంలోనే ఉంది."

"చట్టం నాకూ తెలుసమ్మా. ముప్పై రోజుల గడువుంది కదా, తొందరేముంది? ఈలోగా మాట్లాడి వెనక్కి తీయించండి. ఊళ్లో గొడవలవుతాయి."

ఆయన చెడ్డవాడు కాడు. లంచం తీసుకున్నాడని ఎవరూ అనరు. పదవీ విరమణ దగ్గర పడిన మనిషి, ఏ కాగితం మీదా తన చేతిరాత మిగలకూడదని చూసుకునేవాడు. చెడ్డ అధికారుల కింద పనిచేయడం కష్టం కాదు, వాళ్లు ఏం చెయ్యమంటారో ముందే తెలుస్తుంది. భయస్తుల కింద పనిచేయడమే కష్టం. పైగా నేను సమాచారం ఇవ్వకపోతే దానియేలు మొదటి అప్పీలు చేసుకోవాల్సింది ఈయన దగ్గరే. ఇవ్వొద్దన్న మనిషే, ఎందుకివ్వలేదని విచారించే మనిషి. మన దగ్గర చాలాచోట్ల అంతే.

ఆ వారంలో దానియేలుని పట్టుబడికి పిలవడం మానేశారు. అతను ఆఫీసుకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాంబాబు గారు కుర్చీలోనే ఉన్నారు. నేను లేచి బయటికి వెళ్లాను.

"పని ఆగిపోయిందండి" అన్నాడు. "మా ఆవిడ షెడ్డులో కూడా రేపట్నుంచి రావద్దన్నారండి."

"అర్జీ వెనక్కి తీసుకుంటే ఎవరూ ఏమీ అనరని పైనుంచి చెబుతున్నారు దానియేలూ. నేను తీసుకోమని అనను. అలా చెప్పారని నీకు తెలియాలని చెబుతున్నాను."

"రేపు మా పేటలో ఎవరన్నా పోతే మళ్లీ గేటు కాడ నిలబడాలి కదండీ. ఎలా తీసుకుంటానండి?"

"అయితే లోపలికి రా. రికార్డు చూసుకునే హక్కు కూడా నీకుంది. నీ కళ్లతో చూసుకో."

రాంబాబు గారి ఎదురుగానే రోడ్ల రిజిస్టరు తీసి బల్ల మీద పరిచాను. దానియేలు నిలబడే చదివాడు. 'క్రైస్తవ శ్మశానమునకు పోవు దారి' అన్న వరసని పైకే చదివాడు, చర్చిలో వాక్యం చదివినట్టు. తీర్మానాల పుస్తకంలో ఆ దారి ఎవరికీ ఇచ్చినట్టు ఎక్కడా లేదు.

మర్నాడు నకలు మీద 'ధ్రువీకరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి అతని చేతికిచ్చాను. తీర్మానం లేదని జవాబులో స్పష్టంగా రాశాను. ఎంపీడీవో గారు ఫోను చేసి ఏమేం రాసిచ్చానో అడిగారు. చివరికి "మీ ఇష్టం" అని పెట్టేశారు.

గట్టు మీద

ఆ నకలు జేబులో పెట్టుకుని దానియేలు దారి ఎక్కడిదాకా ఉండాలో కొలుచుకోవడానికి వెళ్లాడు. తాడు పట్టడానికి సువార్తమ్మ తమ్ముడు ప్రసాదు కూడా వెళ్లాడు. పట్టపగలే. గేటు దగ్గర కాపలా మనుషులు ఆపారు. దానియేలు కాగితం తీసి చూపించాడు. వాళ్లు దాన్ని చింపి చెరువులో పడేశారు. దానియేలు దాని కోసం గట్టు దిగాడు. అప్పుడు కర్రలతో కొట్టారు. తల మీద, వీపు మీద.

ఇదంతా ప్రసాదు ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని నాకు చెప్పాడు. అతని చొక్కా నిండా బావ రక్తం.

దానియేలుని భీమవరం తీసుకెళ్లారు. అక్కణ్ణుంచి కాకినాడ. తెలివి వచ్చిందని ఒకరోజు, రాలేదని ఒకరోజు కబురు వచ్చేది. తర్వాత పోయాడని వచ్చింది.

చనిపోయినవాడికి గడువు లేదు

శవం వచ్చే రోజు పొద్దున్నే సువార్తమ్మ ఆఫీసుకి వచ్చింది. జుట్టు ముడి కూడా లేదు. ఏడవడం లేదు.

"ఆ కాయితం ఇంకోటి ఇవ్వండి మేడం గారూ. మధ్యాహ్నానికి ఆయన్ని తెచ్చేస్తారు. దారి కావాలండి."

నేను ఎంపీడీవో గారికి ఫోను చేశాను. చేయకుండా కూడా ఇవ్వొచ్చు. కానీ పోలీసుల్ని పంపమని ఆయన చెబితే పని జరుగుతుందని ఆశపడ్డాను.

"కొత్తగా అర్జీ పెట్టమనండి" అన్నారు.

"ఎప్పటికండీ? శవం దారిలో ఉంది. ప్రాణానికి సంబంధించిందైతే నలభై ఎనిమిది గంటల్లో ఇవ్వాలని ఉంది కదండీ."

"అది బతికున్నవాళ్ల ప్రాణం గురించమ్మా" అన్నారు. ఆయన వెటకారం చేయలేదు. నిజంగానే సెక్షను గుర్తు చేసుకుని చెప్పారు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మన చట్టాలు చదవండి. బాగా రాసినవే. కానీ మనిషి పోయాక అతనికి ఆరడుగుల నేల దాకా దారి కావాలంటే ఏ సెక్షను కింద తొందరపడాలో వాటిల్లో నాకు కనిపించలేదు. అలాంటప్పుడు చేయొద్దని ఎక్కడా రాసిలేని పని చేయండి. నకలు ఇన్ని రోజులు ఆగాకే ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. సువార్తమ్మ నోటితో అడిగింది నేను కాగితం మీద రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, అక్కడికక్కడే నకలు ఇచ్చాను. చదవడం రాయడం రానివాళ్లకీ, రాసే స్థితిలో లేనివాళ్లకీ అర్జీ రాసిపెట్టడం మన బాధ్యతే.

తర్వాత బీరువాలోంచి రిజిస్టరు తీశాను. ఆఫీసు రికార్డు గుమ్మం దాటించకూడదు. అయినా కొంగు కింద పెట్టుకుని ఆవిడతో బయలుదేరాను.

కాలువలో

మధ్యాహ్నానికి సన్నగా వాన. పేట అంతా గేటు ముందు ఉంది. పెట్టె భుజాల మీద ఉంది. ఎస్సై గారు, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. కాపలా మనుషులు అప్పటికే అరెస్టయ్యారు. గేటుకి తాళం మాత్రం ఉంది.

నేను రిజిస్టరు విప్పి ఎస్సై గారికి ఆ వరస చదివి వినిపించాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"ఇది మీ పంచాయతీ రిజిస్టరండి మేడం. దారి ఎక్కడుందో హద్దులు చూపించాల్సింది సర్వేయరు. తహసీల్దారు గారికి ఫోను చేశాను, వచ్చేవారం అన్నారు."

"హద్దులు తేలేదాకా తాళం వేసుకోమని ఎవరు చెప్పారండి?"

అప్పుడు రాంబాబు గారు వచ్చారు. తెల్లబట్టలు, చేతిలో గొడుగు. సువార్తమ్మకి నమస్కారం పెట్టారు.

"జరిగింది చాలా ఘోరం అమ్మా. ఆ వెధవలు అంత పని చేస్తారని నేననుకోలేదు. నేను అడ్డం వస్తానా? ఇదిగో, తాళం తీయిస్తాను. ఈ కాగితం మీద మాత్రం ఒక సంతకం పెట్టు. పోలీసు వాళ్లు అడుగుతారని రాయించాను, అంతే."

ఎస్సై గారు ఆ కాగితం అందుకుని నాకిచ్చారు. నేను సువార్తమ్మకి చదివి వినిపించాను. 'రాంబాబు గారి సొంత గట్టు మీదుగా, ఆయన అనుమతితో, మానవతా దృష్టితో దారి ఇచ్చినందుకు కృతజ్ఞతలు' అని ఉంది.

పాస్టరు గారు ముసలాయన. "పెట్టెయ్ తల్లీ. వానలో ఆయన్ని ఎంతసేపు నిలబెడతాం?" అన్నారు. ఎస్సై గారు కూడా పెట్టమనే అన్నారు. నేనేమీ అనలేదు. అనడానికి నాకేం హక్కుంది?

సువార్తమ్మ ఆ కాగితం తీసుకుని రాంబాబు గారికే తిరిగి ఇచ్చేసింది.

"దారి ఉందన్నందుకు ఆయన చచ్చిపోయాడండి" అంది. "లేదని నేను రాసిస్తానా?"

తర్వాత పెట్టె మోస్తున్నవాళ్ల వైపు తిరిగి, "కాలవలోంచి పదండ్రా" అంది.

మురుగు కాలువ. గుర్రపుడెక్క పట్టి పచ్చగా ఉంది. ముందు ప్రసాదు దిగాడు. నీళ్లు నడుము దాకా వచ్చాయి, మధ్యలో గుండెల దాకా. పెట్టెని తలలపైకి ఎత్తారు. డెక్క తొలగించడానికి కొందరు ముందు ఈదుతున్నట్టుగా నడిచారు. ఒకచోట ఎవరి కాలో బురదలో దిగబడి పెట్టె ఒక పక్కకి ఒరిగింది. పేట ఆడవాళ్లందరూ ఒక్కసారే అరిచారు. పెట్టె పడలేదు. సువార్తమ్మ వాళ్ల వెనకాలే చీరతోనే దిగింది. పాస్టరు గారిని ఇద్దరు ఎత్తుకుని దాటించారు. వంతెన ఇవతల మేం నిలబడి చూశాం. నేను, ఎస్సై గారు, రాంబాబు గారు. అవతలి గట్టు ఎక్కాక వాళ్లు పాట మొదలుపెట్టారు. వాన చప్పుడులో మాటలు తెలియలేదు.

ఎస్సై గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. అంతకు మించి ఎవరమూ ఏమీ చేయలేదు.

తర్వాత

నన్ను ఆ నెలలోనే జిల్లాలో ఇంకో కొసకి బదిలీ చేశారు. అది శిక్ష అని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఊళ్లో ఉండి రోజూ రాంబాబు గారు పోయించిన టీ తాగడం కన్నా అది నయం. ఫైలులో జరిగిందంతా రాసి, తేదీ వేసి, కొత్తగా వచ్చినాయనకి అప్పగించాను.

ఊరి పటం గురించి తహసీల్దారు ఆఫీసు నుంచి దానియేలు ఇంటికి జవాబు రానే లేదు. నా సెలవు రోజుల్లో సువార్తమ్మ నా దగ్గరికి వచ్చేది. మొదటి అప్పీలు రాశాం. దానికీ జవాబు లేదు. రెండో అప్పీలు సమాచార కమిషన్‌కి వెళ్లింది. అక్కడ చాలాకాలం పడి ఉంది. ఈలోగా ఆవిడ ఇంకో ఊళ్లో షెడ్డు పనికి కుదురుకుంది. చివరికి విచారణ జరిగింది, పటం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది, పటం పట్టుకుని కలెక్టరు గారి దగ్గరికి వెళ్తే సర్వే జరిగింది. రాళ్లు పాతారు. గేటు తీసేశారు. రిజిస్టరులో ఉన్నంత వెడల్పు రాలేదు గానీ పెట్టె మోసే నలుగురు పక్కపక్కన నడిచేంత దారి వచ్చింది. ఇప్పుడు పేట వాళ్లు దాని మీదుగానే వెళ్తున్నారు.

పిల్లలు ఇక్కడిదాకా విని ఊపిరి పీల్చుకుంటారు. అయితే గెలిచారన్నమాట అంటారు. నేను మిగతాది కూడా చెబుతాను.

హత్య కేసులో నన్ను సాక్షిగా పిలిచారు. రికార్డు ఇచ్చానని, అది నా సంతకమేనని చెప్పాను. "కొట్టడం మీరు చూశారా?" అని అవతలి లాయరు అడిగారు. చూడలేదన్నాను. కళ్లతో చూసినవాడు ప్రసాదు ఒక్కడే. అతను బోనెక్కి, ఆ రోజు తను అక్కడ లేనని, బావ కాలు జారి పడితే దెబ్బ తగిలిందని తర్వాత విన్నానని చెప్పాడు. చెబుతున్నంతసేపూ రెయిలింగు చూస్తూనే ఉన్నాడు. అప్పటికి అతనికి రాంబాబు గారి బావమరిది చెరువుల మీద పని ఇచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు. కేసు కొట్టేశారు. రాంబాబు గారి పేరు మొదట్నుంచీ ముద్దాయిల్లో లేనే లేదు.

కోర్టు బయట ఎండ మండిపోతోంది. సువార్తమ్మ పక్కన నిలబడ్డాను. ప్రసాదు మెట్లు దిగి వచ్చి అంత దూరంలో గోడ వారగా ఆగిపోయాడు. దగ్గరికి రాలేడు, వెళ్లిపోలేడు. ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. ఆవిడ ముఖంలో ఏముందో నేను చెప్పలేను. క్షమించిందని రాస్తే అబద్ధమవుతుంది.

"పిల్లలకి జొరం తగ్గిందేంట్రా?" అని అడిగింది.

అతను తల ఊపాడు.

"ఎండలో నిలబడకు. రా" అంది.

ఆటో పిలిచింది. ముందు ఆవిడ ఎక్కి లోపలికి జరిగింది. ప్రసాదు అంచు మీద కూర్చున్నాడు. నాకు నమస్కారం పెట్టి, "వెళ్లొస్తానండి మేడం గారూ" అంది. ఆటో వాళ్ల ఊరి వైపు తిరిగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.